నలభై దాటాక మాంగా: ఏది ముందు చదవాలి, ఏది తరువాతికి ఉంచాలి

నమస్కారం మేడమ్. మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు ముందు ఒకసారి చెప్పుకొని, తరువాత జవాబులోకి వస్తాను. మీకు 44 ఏళ్లు. కాజీపేటలో ఉంటూ, జనగామలోని జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పడానికి రోజూ రైలులో వెళ్లివస్తుంటారు. ఒకప్పుడు వారపత్రికల సీరియళ్లు, తరువాత బెంగాలీ నవలల అనువాదాలు ఇష్టంగా చదివారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మీ అబ్బాయి 'వన్ పీస్' అనే మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, మొదటి సంపుటం చేతిలో పెడితే సగం దాకా చదివి, అరుపులూ తన్నులాటలూ తప్ప ఏమీ కనిపించక పక్కన పెట్టేశారు. అయినా పిల్లవాడు అంతగా లీనమై చదివే ఈ బొమ్మల కథల్లో మీ వయసు వారు చదవదగినవి ఉన్నాయా, ఉంటే ఏవి, నెలకు వెయ్యి రూపాయలు దాటకుండా ఎలా చదవాలి అన్నది మీరు అడిగిన మాట.

చదవదగినవి చాలా ఉన్నాయి. పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లల కోసం వేసిన కథ మీ చేతికి ముందుగా వచ్చింది, చిక్కంతా అక్కడే ఉంది. మన దగ్గర మాంగా అనగానే వినిపించే నాలుగైదు పేర్లు దాదాపుగా ఆ కోవలోవే, ఎందుకంటే అనిమేలుగా (జపాన్ యానిమేషన్ చిత్రాలుగా) మారి ముందు టీవీకి, తరువాత ఫోన్లకు, ఈ మధ్య సినిమా హాళ్లకు వచ్చినవి అవే. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు డబ్బింగ్‌తో కూడా విడుదలైంది కాబట్టి, ఇప్పుడు పుస్తకాల దుకాణంలో మాంగా అడిగితే ముందుగా తీసి చూపించేది ఆ వరుసనే. పెద్దవాళ్లు పేరును బట్టి కొనడం వల్లనే మొదటి పుస్తకంతోనే విసిగిపోతున్నారని, హనుమకొండలో తెలిసినవాళ్లకు చాలా ఏళ్లుగా ఈ పుస్తకాలు ఇస్తూ తీసుకుంటూ ఉన్న నాకు గట్టిగా అనిపిస్తుంది. పేరును పక్కన పెట్టి, ఆ కథ ఏ పత్రికలో ఎవరి కోసం వచ్చింది, ఎన్ని సంపుటాలలో ముగిసింది అన్న రెండు సంగతులు కనుక్కొని కొనమని నేను చెబుతాను.

పత్రిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జపాన్‌లో మాంగా సాధారణంగా నేరుగా పుస్తకంగా రాదు; వారపత్రికలోనో మాసపత్రికలోనో ధారావాహికగా వచ్చి, కొన్ని అధ్యాయాలు పోగయ్యాక సుమారు 200 పేజీల సంపుటంగా అచ్చవుతుంది. మీ అబ్బాయి చదువుతున్న 'వన్ పీస్' 1997 నుంచి 'వీక్లీ షోనెన్ జంప్' అనే బాలుర పత్రికలో నడుస్తోంది. ఆ పత్రిక 1968లో మొదలైంది. దానిలో ఒక్కో కథకు వారానికి ఇరవై పేజీల లోపే చోటు దొరుకుతుంది, పాఠకులు తమకు నచ్చిన కథలేవో గుర్తించి పంపిన కార్డులను బట్టి సంపాదకులు ఏది కొనసాగాలో ఏది ముగియాలో నిర్ణయిస్తారు. అందువల్ల అలాంటి పత్రికలో కథ మొదటి అధ్యాయాల్లోనే గట్టిగా కేక వేసి పిల్లలను పట్టుకోవాలి, ప్రతి వారం ఏదో ఒక ఉత్కంఠ దగ్గర ఆగాలి. 'సశేషం' కోసం వారమంతా ఎదురుచూసిన తరం మనది కాబట్టి ఈ పద్ధతి మీకు కొత్తగా ఉండదు. కాకపోతే ఇక్కడ ఆ ఎదురుచూపు బడి పిల్లవాడి కోసం కొలిచి తయారుచేసినది.

పెద్దల పత్రికలు వేరే ఉన్నాయి. కోదాన్షా సంస్థ 1982లో మొదలుపెట్టిన 'మార్నింగ్', షోగకుకాన్ వారి 'బిగ్ కామిక్ ఒరిజినల్' వంటివి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, సంసారాలు నడిపేవాళ్లు చదవడానికి ఉద్దేశించినవి. దుకాణాల వెబ్‌సైట్లలో మీకు కనిపించే షోనెన్, షోజో, సీనెన్, జోసెయ్ అనే నాలుగు మాటలు వరుసగా బాలురు, బాలికలు, వయోజన పురుషులు, వయోజన మహిళల పత్రికలను సూచిస్తాయి. కథ ప్రేమ గురించా, నేరం గురించా, వంట గురించా అన్నది అవి చెప్పవు. సీనెన్ పత్రికల్లో మహిళా రచయితలు, మహిళా పాఠకులు ఎందరో ఉన్నారు, కాబట్టి ఆ మాట చూసి ఇది మగవాళ్లదని వదిలేయకండి. పత్రిక మారితే కథ నడకే మారుతుందనడానికి 'విన్లాండ్ సాగా' మంచి ఉదాహరణ: 2005లో బాలుర వారపత్రికలో మొదలైన ఈ వైకింగుల కథను, వారం వారం వేయడం సాధ్యం కాక, కొన్ని నెలలకే పెద్దల మాసపత్రిక 'ఆఫ్టర్‌నూన్'కు మార్చారు. పగతో రగిలే ఒక కుర్రవాడు తరువాతి భాగాల్లో బానిసగా అడవి నరికి, వేళ్లు పెకలించి, గోధుమ పండించడం నేర్చుకునే తీరు అంత తీరికగా సాగిందంటే అందుకు ఆ మార్పు కూడా ఒక కారణమే అనుకుంటాను.

అయితే ఈ విభజనను మరీ గట్టిగా పట్టుకోకూడదు. ఆరేళ్ల వయసులో హిరోషిమా బాంబు దాడి నుంచి బతికి బయటపడిన కేజి నకజావా, ఆ అనుభవం ఆధారంగా 1973లో మొదలుపెట్టిన 'బేర్‌ఫుట్ గెన్' మొదట వచ్చింది సాక్షాత్తూ ఆ 'షోనెన్ జంప్'లోనే. నేను మీకు గట్టిగా చెప్పబోయే పుస్తకాల్లో ఒకటి కూడా బాలుర పత్రికలో వచ్చిందే.

'పెద్దల కోసం' అనే ముద్ర విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కొన్ని కథలకు ఆ ముద్ర నెత్తురు, లైంగిక హింస ఎక్కువగా ఉన్నందువల్ల పడుతుంది. ఎంతో గొప్ప బొమ్మలున్న 'బెర్సెర్క్' అలాంటిది, దానిని మొదటి పుస్తకంగా నేను ఎవరికీ ఇవ్వను. మరికొన్నింటికి ఆ ముద్ర కథలో ఓపిక, జీవితానుభవం కావలసినందువల్ల పడుతుంది. మాంగాను ఆంగ్లంలో ప్రచురించే విజ్ మీడియా సంస్థ సంపుటాల వెనుక అట్ట మీద వయసును సూచించే అక్షరాలు ఉంటాయి: 'ఏ' అంటే అందరికీ, 'టీ' అంటే పదమూడు దాటినవారికి, 'టీ ప్లస్' అంటే ఇంకాస్త పెద్ద పిల్లలకు, 'ఎం' అంటే పద్దెనిమిది దాటినవారికి. అవి హెచ్చరికలు మాత్రమే, నాణ్యతకు గుర్తులు కావు. అదే సంస్థ పెద్దల కోసం 'విజ్ సిగ్నేచర్' అనే వరుస నడుపుతుంది. ఆ పుస్తకాలు కొలతలో కూడా కొంచెం పెద్దవి. నలభై దాటాక చదువు కళ్లద్దాలు వచ్చినవాళ్లకు, కదిలే రైలులో చదివేవాళ్లకు ఆ పెద్ద పేజీ చాలా ఉపకారం చేస్తుంది.

పొడవు గురించి ఒక్క మాట. 'వన్ పీస్' వంద సంపుటాలు దాటి ఇంకా నడుస్తోంది, 'నరుటో' 72 సంపుటాలు. ఒక్కో మామూలు సంపుటం ఇప్పుడు సుమారు 400 నుంచి 600 రూపాయలు ఉందనుకుంటే, ఇవి మీ బడ్జెట్‌కూ మీ తీరికకూ సరిపడవని వేరే చెప్పనక్కరలేదు. ఒకటి నుంచి పదిహేను సంపుటాల లోపు, పూర్తిగా ముగిసిన కథతో మొదలుపెట్టండి. ముగిసిన కథ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, కత్తివీరుడు మియమోతో ముసాషి జీవితం మీద తకెహికో ఇనోఉయె వేసిన 'వాగబాండ్' 37 సంపుటాల తరువాత 2015లో ఆగి, అలాగే ఉండిపోయింది. కుంచెతో వేసిన ఆ బొమ్మల కోసమైనా దానిని ఎప్పుడో ఒకప్పుడు చదవవలసిందే, కానీ కొత్తగా వచ్చిన పాఠకుడిని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టడం న్యాయం కాదు.

ఇక చదివే పద్ధతి. మీరు ఆ మొదటి సంపుటం ఎంతసేపట్లో సగం చదివారో నాకు తెలియదు గానీ, నవలలు బాగా చదివినవాళ్లు మాంగాను మరీ వేగంగా చదివేస్తారని గమనించాను. కళ్లు బెలూన్లలోని (పాత్రల మాటలు రాసే బుడగల్లోని) మాటలను మాత్రమే ఏరుకుంటూ పోతాయి. కాజీపేటలో తెరిచిన పుస్తకం ఘనపూర్ వచ్చేసరికి అయిపోతుంది. చివరికి ఇందులో ఏముందని అనిపిస్తుంది. దీనికి మన అలవాటే కారణం. మనం చిన్నప్పుడు చదివిన అమర్ చిత్రకథ వంటి వాటిలో చాలా చోట్ల బొమ్మ పైన ఒక వాక్యం ఉండి, ఆ బొమ్మలో జరుగుతున్నదే మళ్లీ మాటల్లో చెప్పేది, కాబట్టి వాక్యం చదివితే బొమ్మను ఒక్క చూపు చూసి ముందుకు వెళ్లినా నష్టం లేకపోయేది. మంచి మాంగాలో కథకుడి వాక్యం చాలాసార్లు ఉండదు. వాన పడుతున్న పెంకుటిల్లు, గడప ముందు విడిచిన చెప్పులు, సమాధానం చెప్పకుండా పక్కకు తిరిగిన ముఖం, వీటికి ఒక్కో ప్యానెల్ (పేజీలో ఒక బొమ్మ గడి) ఇచ్చి, మాట లేకుండా వదిలేస్తారు. ఆ ముఖం తిరగడమే ఆ సన్నివేశంలో అసలు సంభాషణ. అందుకని మాటల్లేని పేజీ వచ్చినప్పుడు కావాలని ఆగి, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారు, ముందు ప్యానెల్‌కూ ఈ ప్యానెల్‌కూ మధ్య ఏమి మారింది అని చూడండి.

పుస్తకం మన పుస్తకం ముగిసే వైపు నుంచి తెరుచుకుంటుంది. పేజీలో పై వరుస కుడి మూల నుంచి ఎడమకు, తరువాత కింది వరుసకు చదవాలి. ఒకే ప్యానెల్‌లోని బెలూన్లకూ అదే క్రమం. మొదటి కొన్ని పేజీల్లో జవాబు ముందు, ప్రశ్న తరువాత వచ్చినట్లు అనిపించినా, ఒక అధ్యాయం పూర్తయ్యేసరికి కంటికి అలవాటవుతుంది. ప్యానెళ్ల మధ్య తెల్లగా ఉండే ఖాళీ నల్లగా మారితే సాధారణంగా గతం చెబుతున్నారని అర్థం. చాలా గంభీరమైన సన్నివేశం మధ్యలో పాత్ర ముఖం ఉన్నట్టుండి గుండ్రటి బొమ్మలా మారి నవ్వు పుట్టించడం పెద్దవాళ్లను బాగా ఇబ్బంది పెట్టే అలవాటు. చిందు భాగోతంలో రాజుల కథ నడుస్తుండగా బుడ్డర్‌ఖాన్ వేషం వచ్చి నవ్వించి పోవడం లాంటిదే అది. కథ మళ్లీ తన గాంభీర్యంలోకి వస్తుంది, రెండో మూడో సంపుటానికి మీరు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

మీకు మొదటి పుస్తకంగా నేను చెప్పేది ఫుమియో కోనో వేసిన 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్'. ఇది 2007 నుంచి 2009 వరకు 'మాంగా యాక్షన్' పత్రికలో వచ్చింది. జపాన్‌లో మూడు సంపుటాలుగా ఉన్నదాన్ని ఆంగ్లంలో ఒకే లావుపాటి పుస్తకంగా వేశారు, కాబట్టి ఒక్కసారి కొంటే కథ పూర్తవుతుంది. హిరోషిమా అమ్మాయి సుజు, బొమ్మలు గీయడం తప్ప మరే పనిలోనూ నేర్పు లేని పరధ్యానం మనిషి, 1944లో పెళ్లై కురె అనే నౌకాదళ రేవు పట్టణంలోని అత్తవారింటికి వస్తుంది. యుద్ధనౌక యమాతో తయారైన ఊరు అది. యుద్ధం ఎప్పుడు ఎలా ముగిసిందో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ప్రతి అధ్యాయం పైన సంవత్సరం, నెల మాత్రం వేస్తూ పోతారు, ఆ నెలలు 1945 ఆగస్టు వైపు జరుగుతుంటే చదివేవాళ్ల గుండె బరువెక్కుతుంది.

కానీ పుస్తకంలో ఎక్కువ భాగం యుద్ధం కాదు, ఇల్లు. రేషన్ బియ్యం తగ్గిపోయినప్పుడు బియ్యాన్ని వేయించి, నానబెట్టి, ఉబ్బేలా వండి ఎక్కువ అన్నంగా చూపించే పద్ధతిని ఒక అధ్యాయంలో పూసగుచ్చినట్లు గీస్తారు. ఇంటిల్లిపాదీ ఆ ముద్దను నోట్లో పెట్టుకున్నాక ఏమీ అనలేక చూసుకునే చూపులు మాటల కంటే బాగా చెబుతాయి. మరొక చోట సుజు దారి పక్కన మొలిచిన మొక్కలు ఏరి తెచ్చి కూర వండుతుంది. చేలగట్ల మీద గునుగాకు, తుమ్మికూర ఏరిన అమ్మమ్మలున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ పేజీలు పరాయివిగా అనిపించవు. ఆడపడుచు విసుర్లు, అత్తగారి మోకాళ్ల నొప్పులు, భర్తతో మొదట్లో ఉండే మొహమాటం, ఇవన్నీ ఒక మంచి కుటుంబ నవలలో ఉండవలసినంత ఓపికతో ఉన్నాయి. కథ చివరి భాగంలో ఒక ఘటన తరువాత వెనుక దృశ్యాల గీత వంకర్లు పోతుంది, ఇళ్లూ కొండలూ చిన్నపిల్లలు గీసినట్లు అవుతాయి. ఎందుకో నేను చెప్పను, మీరే గుర్తిస్తారు. మాటలతో ఎంత రాసినా రాని ప్రభావం అది, ఈ కథను నవలగా కాక మాంగాగానే చెప్పడానికి కారణం కూడా అదే. పుస్తకం ధర మీ నెల లెక్కను కొద్దిగా దాటవచ్చు. మరో నెల ఏమీ కొనకుండా ఉన్నా సరే, దీనితోనే మొదలుపెట్టండి.

రెండోది మీ వృత్తిని దృష్టిలో పెట్టుకొని చెబుతున్నాను: హిరోము అరకవా వేసిన 'సిల్వర్ స్పూన్'. 2011 నుంచి 2019 వరకు 'వీక్లీ షోనెన్ సండే' అనే బాలుర పత్రికలో వచ్చింది, 15 సంపుటాలలో ముగిసింది. అరకవా హొక్కైదో దీవిలో పాడి రైతుల ఇంట పుట్టి, వ్యవసాయ పాఠశాలలో చదివి, చదువు అయ్యాక ఏళ్ల తరబడి ఇంటి పొలంలోనే పనిచేసి, ఆ తరువాత బొమ్మల వైపు వచ్చిన మనిషి. కథానాయకుడు హచికెన్ సప్పొరో నగరంలో చదువుల పోటీలో నలిగిపోయి, ఇంటికి దూరంగా పారిపోవాలనే ఒకే ఒక్క ఉద్దేశంతో హాస్టల్ ఉన్న వ్యవసాయ పాఠశాలలో చేరతాడు. ఇంటర్ హాస్టళ్ల సంగతి తెలిసిన మనకు ఆ పిల్లవాడి ముఖం చూడగానే అర్థమవుతుంది.

మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది: కోడి గుడ్డు ఏ దారిన బయటికి వస్తుందో కళ్లారా చూసి ఆ నగరపు పిల్లవాడు గుడ్డు తినలేనని మొరాయిస్తాడు, పల్లె పిల్లలు మాత్రం వేడివేడి అన్నంలో పచ్చి గుడ్డు కొట్టుకొని తినేస్తుంటారు. అవస్కరం (పక్షుల్లో మలమూత్రాలకూ గుడ్డుకూ ఉండే ఒకే బయటి దారి) పాఠం చెప్పినప్పుడల్లా వెనుక బెంచీల నుంచి నవ్వులు వినే మీకు ఆ పేజీలు ఎంత నచ్చుతాయో ఊహించగలను. కొన్ని అధ్యాయాల తరువాత, అన్నింటికంటే బక్కగా పుట్టి పాలకు అందలేకపోతున్న పందిపిల్ల మీద హచికెన్‌కు మమకారం పుడుతుంది. తినే జంతువుకు పేరు పెట్టవద్దని తోటివాళ్లు హెచ్చరిస్తే, అతను దానికి పంది మాంసంతో చేసే ఒక వంటకం పేరే పెడతాడు. దానిని కబేళాకు పంపే రోజు రాకుండా రచయిత ఏ మాయా చేయరు. అతను సెలవుల్లో పనిచేసి సంపాదించిన డబ్బుతో ఆ మాంసాన్ని తానే కొని, పొగబెట్టి నిలవ చేసి, అందరికీ పంచి, తానూ తింటాడు. ఇది తప్పా ఒప్పా అని పుస్తకం తీర్పు చెప్పదు. మీ తరగతిలో పిల్లలతో మాట్లాడటానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదనుకుంటాను.

నవ్వులతో మొదలైన ఆ కథ మధ్యలో అప్పుల దగ్గరికి వస్తుంది. స్నేహితుడు కొమబా ఇంటి పాడి దివాలా తీసి, ఆవులను లారీలో ఎక్కించి తీసుకుపోతారు, పిల్లవాడు చదువు మానేస్తాడు. ఆ అప్పుకు జమానతు ఉన్న పక్కింటి కుటుంబం కూడా దానితో పాటు మునుగుతుంది. జమానతు ఉండి నష్టపోయిన బంధువు ఒక్కరైనా లేని ఇల్లు మన పల్లెల్లో అరుదు. హొక్కైదో మంచులో జరిగే ఈ కథను ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒక పాఠకుడికి ఇచ్చినప్పుడు, అతను నన్ను జపాన్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ ఆవులకు ఎంత ధర వచ్చి ఉంటుందని మాత్రం అడిగాడు.

మూడోది 'ప్లూటో', నవోకి ఉరసావా వేసిన 8 సంపుటాల కథ, 2003 నుంచి 2009 వరకు 'బిగ్ కామిక్ ఒరిజినల్'లో వచ్చింది, ఆంగ్లంలో 'విజ్ సిగ్నేచర్' వరుసలో దొరుకుతుంది. ఒసాము తెజుకా 1960లలో పిల్లల కోసం వేసిన 'ఆస్ట్రో బాయ్'లోని ఒక చిన్న ఘట్టాన్ని తీసుకొని, దానిని పెద్దలు చదివే అపరాధ పరిశోధన కథగా తిరిగి నిర్మించారు. ప్రపంచంలోని గొప్ప రోబోలను ఎవరో ఒక్కొక్కటిగా చంపుతుంటారు. విచారించే అధికారి కూడా రోబోనే. మొదటి సంపుటంలోనే స్కాట్లండ్‌లోని పాత కోటలో ఒంటరిగా ఉండే అంధుడైన సంగీత దర్శకుడు, ఆయన దగ్గర పనికి చేరిన యుద్ధపు రోబో నార్త్ నంబర్ టూ మధ్య ఒక ఉపకథ ఉంది. యంత్రానికి సంగీతం ఏమి తెలుస్తుందని ఆ ముసలాయన కసురుకుంటుంటే, ఇక యుద్ధానికి వెళ్లాలని లేదు, పియానో నేర్చుకోవాలని ఉందని అది చెబుతుంది. ఆ ఉపకథ ఒక్కటి చదివి మీకు ఏమీ అనిపించకపోతే మిగతా ఏడు సంపుటాలు కొనవద్దు, అంత కచ్చితమైన పరీక్ష అది.

తెజుకాదే అయిన 'బుద్ధ'ను మన దేశంలో పెద్దవాళ్లకు చాలామంది ముందుగా సూచిస్తారు, కథ మనది కాబట్టి సులువని. నేను దాన్ని నాలుగో ఐదో పుస్తకంగా ఉంచుతాను. 1972లో మొదలై 1983 దాకా సాగిన ఆ కథ ఆంగ్లంలో 8 సంపుటాలు. అతిథి ఆకలి తీర్చడానికి మంటలో దూకిన కుందేలు జాతక కథతో మాటల్లేకుండా మొదలయ్యే పేజీలు అద్భుతంగా ఉంటాయి. కానీ సిద్ధార్థుడు పుట్టక ముందే తెజుకా సృష్టించిన పాత్రలు, జంతువుల శరీరాల్లోకి ప్రవేశించగల తత్తా అనే పిల్లవాడితో సహా, కథను ఎక్కడికో తీసుకెళ్తాయి. మధ్యలో ఆధునిక కాలపు హాస్యాలు, కొన్ని చోట్ల నగ్నంగా వేసిన బొమ్మలు వస్తాయి. ధూళికట్ట స్తూపం చూసిన భక్తితో తెరిచినవాళ్లు కొందరు నొచ్చుకొని పుస్తకం తిరిగి ఇచ్చేశారు. తెజుకా పద్ధతి తెలిశాక చదివితే అదే పుస్తకం వేరుగా కనిపిస్తుంది.

మిగతావి క్లుప్తంగా. జిరో తనిగుచి వేసిన 'ఎ డిస్టెంట్ నైబర్‌హుడ్'లో 48 ఏళ్ల ఉద్యోగి ఒకాయన పొరపాటున వేరే రైలెక్కి సొంత ఊరు చేరి, తల్లి సమాధి దగ్గర స్పృహ తప్పి, లేచేసరికి పద్నాలుగేళ్ల పిల్లవాడై ఉంటాడు. ఇల్లు విడిచి వెళ్లిపోబోతున్న తండ్రిని ఈసారి ఆపగలడా అన్నది కథ. రోజూ రైలెక్కే మీకు తప్పకుండా నచ్చుతుంది, కానీ దిగుమతి పుస్తకం కాబట్టి ధర ఎక్కువ. ఫుమి యోషినగా వేసిన 'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే' కలిసి జీవించే ఇద్దరు మగవాళ్ల కథ. వారిలో ఒకరైన న్యాయవాదికి కథ మొదట్లో 43 ఏళ్లు, సూపర్ మార్కెట్‌లో ఏ కూర ఎంతకు వచ్చిందో పైసాతో సహా లెక్క వేసుకొని వంట చేస్తాడు. అది ఇంకా సాగుతున్నా ప్రతి అధ్యాయం దానికదే పూర్తవుతుంది కాబట్టి ఎక్కడ ఆపినా వెలితి ఉండదు.

కొనుగోలు దగ్గరికి వస్తే, హనుమకొండ చౌరస్తా దుకాణాల్లో పోటీ పరీక్షల పుస్తకాల మధ్య మాంగా దొరికినా అది పిల్లల వరుసలే; పైన చెప్పినవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు, ఏదైనా ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల బజారుకు వెళ్లినప్పుడు వెతకాలి. నకిలీలు విపరీతంగా ఉన్నాయని గుర్తుంచుకోండి. ఐదు వందల పుస్తకం నూట యాభైకి, లేదా మొత్తం వరుస ఒకే కట్టగా అతి చౌకగా అమ్ముతుంటే అది నకిలీయే అనుకోవచ్చు. చేతిలోకి తీసుకున్నప్పుడు బూడిద రంగు ఛాయలన్నీ నల్లగా ముద్దకట్టి ఉంటాయి, సన్నని చుక్కల ఛాయలు గీతల్లా అలికినట్లు కనిపిస్తాయి, పేజీ అంచున ఉన్న బెలూన్లలో అక్షరాలు సగం తెగిపోతాయి, నాలుగుసార్లు తెరవగానే జిగురు విడిపోతుంది. బొమ్మే ప్రాణమైన చోట ఇలాంటి పుస్తకం కొనడం డబ్బు పారేసుకోవడమే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ధరతో పాటు అమ్మేవారి పేరు, చెడు సమీక్షల్లో కొనుగోలుదారులు పెట్టిన ఫోటోలు చూడండి.

ఫోన్‌లో చదవాలంటే, 'వన్ పీస్' ప్రచురణకర్తలైన షూయేషా వారే 2019లో మొదలుపెట్టిన 'మాంగా ప్లస్' ఉంది; చాలా కథల మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు అందులో ఉచితం. విజ్ వారి 'షోనెన్ జంప్' యాప్ కూడా మన దేశంలో పనిచేస్తుంది. రెండింటిలోనూ పిల్లల, యువకుల కథలే ఎక్కువ కాబట్టి మీ అబ్బాయి ఖర్చు తగ్గించడానికి అవి పనికొస్తాయి, మీకు అంతగా పనికిరావు. రెండు పేజీల మీదుగా పరిచిన బొమ్మ ఫోన్ తెరలో నలిగిపోతుంది, ఫోన్‌ను అడ్డంగా తిప్పితే అక్షరం చిన్నదవుతుంది. మొదటి రెండు మూడు పుస్తకాలు కాగితం మీదే చదవండి, కంటికి క్రమం అలవాటయ్యాక కావాలంటే ఫోన్‌కు మారండి. అనుమతి లేకుండా స్కాన్ చేసి పెట్టే సైట్ల జోలికి పోవద్దు. వేసినవారికి పైసా వెళ్లకపోవడం ఒకటి, ఆ అనువాదాలు చాలాసార్లు అర్థం కాకపోవడం మరొకటి.

ఆంగ్లం గురించి మీరు సందేహించారు గానీ, వార్తాపత్రిక చదవగలిగినవాళ్లకు ఇబ్బంది ఉండదు. వాక్యాలన్నీ సంభాషణలే, అందులోనూ చిన్నవి. 'ఇన్ దిస్ కార్నర్'లో మాత్రం యుద్ధకాలపు వస్తువులకు, పదాలకు చివర వివరణలు ఇచ్చారు, వాటి కోసం కథ మధ్యలో ఆగకుండా అధ్యాయం అయ్యాక ఒకసారి చూసుకోండి.

ఈ నెల, వచ్చే నెల కలిపి ఆ ఒక్క పుస్తకం కొనండి. మూడో నెల నుంచి 'సిల్వర్ స్పూన్' నెలకో సంపుటం చొప్పున మొదలుపెట్టవచ్చు; మొదటి మూడింటితో మీకు రుచించకపోతే అక్కడే ఆపి 'ప్లూటో' మొదటి సంపుటానికి వెళ్లండి. రుచిస్తే, మీ అబ్బాయిని అరకవా అంతకుముందు 2001 నుంచి 2010 వరకు వేసిన 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' ఉందేమో అడగండి. అది 27 సంపుటాల సాహసగాథ, బాలుర పత్రికదే, అందులోనూ తన్నులాటలు ఉన్నాయి. అయినా చనిపోయిన తల్లిని బతికించబోయి ఇద్దరు అన్నదమ్ములు చెల్లించిన మూల్యంతో మొదలయ్యే ఆ కథను, అప్పటికి అరకవా గీత అలవాటైన మీరు సగంలో ఆపరనుకుంటాను. మీ అబ్బాయి దగ్గర ఉంటే ఆ 27 సంపుటాలకు మీకు అయ్యే ఖర్చు కూడా ఏమీ ఉండదు.